ఏరు ఒప్పుకుంటేనే

రాతి అడుగు, తేట నీరు, కాస్త వడి. ఈ మూడూ కుదిరిన ఏర్లలో స్మాల్‌మౌత్ బాస్ హాయిగా బతుకుతుంది. కంచు రంగు ఒళ్లు, దాని మీద నిలువుగా ముదురు చారలు, ఎర్రటి కన్ను. నోరు మూసినప్పుడు పై దవడ కంటిని దాటి వెనక్కి పోదు. లార్జ్‌మౌత్ బాస్ నుంచి దీన్ని వేరు చేసే గుర్తు అదే. ఏటిలో అడుగు పొడవున్నదంటే మంచి చేప కిందే లెక్క. 20 అంగుళాలది దొరికితే వర్జీనియా రాష్ట్ర ప్రభుత్వం ప్రశంసాపత్రం ఇస్తుంది. అయితే గాలానికి చిక్కాక అది చేసే పోరు దాని బరువుకు మించినది. నీళ్లలోంచి పైకెగిరి తల విదిలిస్తుంది, వడిలోకి తిరిగి రీలులోని దారాన్ని లాక్కుపోతుంది. అమెరికాలో వేసవి వారాంతాలను దీనికోసమే దాచుకునేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఒక్కడే వెళ్లేవాడికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. పదిమంది కలిసి రెండు రోజులు ఏటి మీద గడపాలంటే మాత్రం శుక్రవారం సాయంత్రానికి ముందే తేల్చుకోవలసినవి చాలా ఉంటాయి. మనుషుల తీరికను ఏటి తీరుతో కలపడమే ఈ పథకం అంతా. అందులో ఏరు సర్దుకోదు, సర్దుకోవలసింది మనుషులే. తేదీ, దూరం, పడవలు, భోజనం, ఆఖరికి చేపను ఏం చేయాలన్నది కూడా ముందు నీళ్లని అడిగి, తర్వాత మనుషులతో మాట్లాడి తేల్చుకునే జట్టుకే వారాంతం దక్కుతుంది.

వర్జీనియాలోని షెనండోవా నది దక్షిణపాయ ఇందుకు మంచి ఉదాహరణ. వాషింగ్టన్ శివార్లలోని ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి ఈ ఏరు గంట, గంటన్నర ప్రయాణం. పోర్ట్ రిపబ్లిక్ దగ్గర రెండు చిన్న నదులు కలిసి దక్షిణపాయ పుడుతుంది. బ్లూరిడ్జ్ కొండలకూ మాసనటన్ కొండకూ మధ్య సుమారు 100 మైళ్లు మెలికలు తిరుగుతూ ఉత్తరానికి పారి, ఫ్రంట్ రాయల్ దగ్గర ఉత్తరపాయతో కలుస్తుంది. కలిసిన నది హార్పర్స్ ఫెర్రీ దగ్గర పొటోమాక్‌లో పడుతుంది. నది ఉత్తరానికి పారుతుంది కనుక ఈ లోయలో ఎగువ అంటే దక్షిణం. పటంలో పైన ఉన్న ఊరే ఎగువ అనుకునే కొత్తవాళ్లు ఇక్కడ తికమకపడతారు. ఎక్కడ పడవ ఎక్కాలో, ఎక్కడ దిగాలో మాట్లాడుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి అందరికీ తెలియడం మంచిది.

నిజానికి ఈ చేప ఇక్కడ పుట్టింది కాదు. దాని సొంత తావు ఒహాయో నది, గ్రేట్ లేక్స్, మిసిసిపీ ఎగువ ప్రాంతం. అప్పలేచియన్ కొండలకు తూర్పున పారే నదుల్లో ఇది ఉండేది కాదు. 1854లో వీలింగ్ ప్రాంతం నుంచి ముప్ఫై దాకా చేపలను బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు ఇంజను వెనక ఉండే నీళ్ల తొట్టిలో వేసి కొండలు దాటించి, మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర పొటోమాక్ నీళ్లలో వదిలారు. ఆ కొద్దిపాటి చేపల నుంచే పొటోమాక్ పరీవాహకమంతా నిండింది. నేడు షెనండోవా మీద నడిచే పడవల అద్దెలు, రేవుల దగ్గరి దుకాణాలు, గాలాల వ్యాపారం చాలావరకు ఆ తొట్టిలో వచ్చిన ప్రాణుల చలవే.

తేదీ సంగతికి వస్తే, స్కూలు సెలవుల కన్నా ముందు చూడవలసింది నీటి వేడి. వసంతంలో నీరు 60 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 15 నుంచి 18 సెల్సియస్‌కు చేరినప్పుడు స్మాల్‌మౌత్ గుడ్లు పెడుతుంది. ఒడ్డుకు దగ్గరగా, వడి తగలని చోట, ఓ బండ చాటునో పడిన మొద్దు చాటునో మగచేప తోకతో ఒండ్రు ఊడ్చి గులకరాళ్లు తేలేలా గుండ్రటి పళ్లెమంత గుంట చేస్తుంది. ఆడచేప వచ్చి వేల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కాపలా అంతా మగదే. రెక్కలతో విసురుతూ గుడ్ల మీద మట్టి పేరుకోకుండా చూస్తుంది, దగ్గరికొచ్చిన ప్రతి ప్రాణినీ తరుముతుంది. నల్లటి పిల్లలు గుంటలోంచి లేచి చెదిరేదాకా సరిగా మేత కూడా మేయదు. ఆ రోజుల్లో దాని ముందు ఏది పడినా నోట కరుచుకుని అవతల పారేయాలని చూస్తుంది కాబట్టి గాలానికి సులువుగా చిక్కుతుంది. దాన్ని ఫొటో కోసం పడవలోకి ఎత్తిన ఆ కాసేపట్లోనే చుట్టూ కాచుకుని ఉన్న సన్‌ఫిష్ అనే చిన్న చేపలు గుడ్ల మీద పడతాయి. చేపను జాగ్రత్తగా వదిలినా గూడు మిగలదు.

అందుకని ఏప్రిల్ చివర, మే నెలల్లో వెళ్లే జట్టు గుంటలు కనబడ్డ ఒడ్డును వదిలి నడిఏట్లోనే గాలం వేయాలని ముందే మాట అనుకోవాలి. పిల్లలతో, కొత్తవాళ్లతో వెళ్లేవారికి జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా అనువు. నీరు వెచ్చబడి, తేటబడి ఉంటుంది, చేప రోజంతా ఏదో ఒక చోట మేస్తూనే ఉంటుంది. అయితే జూలై, ఆగస్టు శనివారాల్లో మధ్యాహ్నానికి రబ్బరు ట్యూబుల మీద తేలేవాళ్లతో ఏరు నిండిపోతుంది. తెల్లవారి ఆరింటికే పడవ నీళ్లలో పడితే ఆ సందడి మొదలయ్యేలోపు నాలుగైదు గంటల వేట దొరుకుతుంది. కాస్త అనుభవమున్న జట్టుకైతే సెప్టెంబరు వారాంతమే మేలు. జనం తగ్గుతారు, పొద్దున మంచు తెర లేస్తుంది, బాస్ చలికాలానికి ముందు ఆబగా తింటుంది.

దూరం దగ్గర దాదాపు ప్రతి జట్టూ ఎక్కువ అంచనా వేస్తుంది. ఊరికే తెడ్డేసుకుంటూ పోతే గంటకు రెండు మైళ్లు సాగవచ్చు. గాలాలు వేస్తూ, మడుగుల దగ్గర ఆగుతూ, చిక్కుపడ్డ దారాలు విప్పుకుంటూ పోతే మైలు సాగడం కూడా కష్టమే. రోజుకు ఐదు నుంచి ఎనిమిది మైళ్లు, కొత్తవాళ్లుంటే ఐదే. ఫాస్టర్స్ రేవు నుంచి బెంటన్‌విల్ దాకా ఉన్న భాగానికి ఈ పాయలో మంచి పేరుంది. మధ్యలో కాంప్టన్ రాపిడ్ అనే రెండో తరగతి వడి ఒకటి వస్తుంది. తెడ్డు పట్టడం తెలిసినవారికి అది సరదా, తెలియనివారు ఒడ్డున దిగి పడవను తాడుతో నడిపించుకోవచ్చు. బెంటన్‌విల్ దగ్గరలోనే షెనండోవా రివర్ స్టేట్ పార్కు ఉంది. రాత్రి గుడారాలు వేసుకోవడానికి అక్కడ ముందుగా చోటు బుక్ చేసుకోవాలి. వేసవి వారాంతాలకు నెలల ముందే నిండిపోతుంది.

గుర్తు పెట్టుకోవలసిన ప్రమాదాలు మూడు. షెనండోవా, న్యూపోర్ట్, లురే ఊళ్ల దగ్గరి పాత జలవిద్యుత్ ఆనకట్టలు మొదటివి. ఆనకట్ట కింద నీరు వెనక్కి తిరిగి సుడులు పడుతుంది. అందులో పడ్డవాణ్ణి లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి వదలదు. ఎగువనే ఒడ్డుకు చేరి పడవ మోసుకుని దాటాలి. రెండోది, బెంటన్‌విల్ దగ్గర ఉన్నటువంటి పిట్టగోడలు లేని కాంక్రీటు కాజ్‌వేలు. నీరు కాస్త పెరిగితే పడవ వాటి కింది తూములకు అడ్డంగా అతుక్కుంటుంది. మూడోది ఏ పటంలోనూ ఉండదు: మలుపుల బయటి ఒడ్డున పడిపోయిన చెట్టు. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేడు.

ఇక అసలు సంగతి నీటి మట్టం. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ 1889లో న్యూమెక్సికోలోని ఎంబూడో దగ్గర మొదటి నదీ గేజీ పెట్టింది. ఇప్పుడు దక్షిణపాయ మీద లిన్‌వుడ్, లురే, ఫ్రంట్ రాయల్ దగ్గర ఆ సంస్థ గేజీలున్నాయి. మట్టం ఎన్ని అడుగులో, ప్రవాహం సెకనుకు ఎన్ని ఘనపుటడుగులో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. గేజీలో మూడడుగులని ఉంటే ఏరు మూడడుగుల లోతని అర్థం కాదు. ఒక స్థిరమైన గుర్తు నుంచి కొలిచిన ఎత్తు అది, ప్రతి గేజీకీ ఆ గుర్తు వేరు. తెలుగువారికి ఇది కొత్త లెక్క కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెకు నది లోతుతో పనిలేదు. ఏ అంకె దగ్గర ఏ వీధిలోకి నీళ్లొస్తాయో ఊరివాళ్లకు తెలుసు కాబట్టే దానికి అర్థం ఏర్పడింది. దక్షిణపాయ మీద ఆ అర్థం తెలిసినవాళ్లు పడవలు అద్దెకిచ్చేవారు. ఎంత మట్టానికి కొత్తవాళ్లకు పడవ ఇవ్వరో, ఎంతకు ఎవరికీ ఇవ్వరో, ఎంత తగ్గితే పడవలు రాళ్లకు గీసుకుంటాయో వాళ్లను ఫోన్‌లో అడిగితే చెబుతారు.

భద్రాచలం లెక్కలో నేర్చుకోవలసింది మరొకటి ఉంది. ఆ హద్దులు వరద లేనప్పుడే నిర్ణయించారు. నీళ్లు గుమ్మం దాకా వచ్చాక కూర్చుని చర్చించుకునే పని లేదు. వారాంతపు జట్టు కూడా అలాగే చేయాలి. ఫలానా గేజీలో ఫలానా అంకె దాటితే ప్రయాణం మానుకుంటామని డబ్బు కట్టకముందే, అందరూ ఒప్పుకుని, వాట్సాప్ గ్రూపులో అందరికీ కనబడేట్టు రాసి పెట్టుకోవాలి. ఈ పథకం మొత్తంలో ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం లేదు. ఎందుకంటే శుక్రవారం రాత్రికి సెలవులు పెట్టేశారు, సామాను కారెక్కింది, పిల్లలు నిద్రపోవడం లేదు. ఏరు అడుగున్నర పెరిగిందని అందరికీ కనబడుతూనే ఉంటుంది. అయినా వద్దన్న మాట తన నోటి నుంచి రాకూడదని ప్రతివాళ్లూ చూస్తారు. పెద్దవాళ్లు కుర్రాళ్ల ఉత్సాహం చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకుంటారు, కుర్రాళ్లు పెద్దవాళ్లే చెబుతారులే అనుకుంటారు. ‘వెళ్లి చూద్దాం, బాగోకపోతే వచ్చేద్దాం’ అని ఎవరో అంటారు, వెళ్లినవాళ్లు వెనక్కి రారు. అంకె ముందే రాసి ఉంటే ఎవరూ పిరికివాళ్లు కానక్కర్లేదు, ఎవరూ మొండివాళ్లు కానక్కర్లేదు. మాట అన్నది ఏరే అవుతుంది.

ఆ శనివారం ఎండ కాస్తున్నా సరే ఈ హద్దు చెల్లుతుంది. గురువారం రాత్రి ఎగువన వేన్స్‌బరో వైపు కురిసిన వాన శుక్ర, శనివారాలకు గాని కిందికి రాదు. బెంటన్‌విల్‌లో ఆకాశం నీలంగా ఉండగానే నీరు మట్టిరంగు తిరిగి పెరుగుతూ ఉంటుంది. లిన్‌వుడ్ గేజీ ఎగువది గనుక ముందుగా దాన్ని చూసే అలవాటు చేసుకుంటే రేపటి ఏరు ఈ రోజే కనబడుతుంది. వేట కోసమైనా ఇది అవసరమే. స్మాల్‌మౌత్ కంటితో చూసి వేటాడే చేప, బురదనీళ్లలో ఎర దాని కంట పడదు.

మానుకున్నప్పుడు చేయడానికి ఏదో ఒకటి ఉండాలి. పక్కనే బ్లూరిడ్జ్ కొండల మీద షెనండోవా నేషనల్ పార్కు ఉంది, లురే గుహలున్నాయి. రెండో పథకం ఉన్న జట్టు మొదటిదాన్ని సులువుగా వదులుకుంటుంది.

మనుషుల సంఖ్య విషయంలో ఎనిమిది మంది, నాలుగు కనూలు (తెడ్డు పడవలు) అనేది చక్కగా సాగే లెక్క. పన్నెండు దాటితే రేవుల దగ్గరే పూట గడిచిపోతుంది. ప్రతి కనూలో తెడ్డు వచ్చినవారొకరు వెనక కూర్చుంటారు. ముందున్నవారు గాలం వేస్తుంటే వెనకవారు పడవ నడుపుతారు, గంటకోసారి గాలం చేతులు మారుతుంది. ఏటిని బాగా ఎరిగినవారి పడవ అన్నిటికన్నా ముందు, అంతే సత్తా ఉన్నవారి పడవ అన్నిటికన్నా వెనక ఉండాలి. మధ్యలో ఉన్నవారు ముందుదాన్ని దాటకూడదు, వెనకదాని చూపు దాటి పోకూడదు. తేట నీళ్లలో మొదటి పడవకే మంచి చేపలు పడతాయి కాబట్టి వేట బాగున్న మడుగులో మాత్రం వరస మార్చుకుని, వడి వచ్చేలోపు మళ్లీ పాత వరసలోకి రావాలి.

లైఫ్ జాకెట్ మనిషికొకటి పడవలో ఉండాలన్నది చట్టం. ఒంటి మీద ఉండాలన్నది జట్టు పెట్టుకోవలసిన కట్టుబాటు. అమెరికాలో జలపాతాల దగ్గర, సరస్సుల్లో మునిగిపోయిన తెలుగు విద్యార్థుల వార్తలు మన పత్రికల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. చాలామంది ఈత నేర్చుకునే వీలు లేకుండా పెరిగి వచ్చినవాళ్లే. ఈత రానివారెవరో ప్రయాణానికి ముందే సిగ్గుపడకుండా చెప్పగలిగే వాతావరణం ఉండాలి. పెద్దవాళ్లు తాము వేసుకుని చూపిస్తేనే కుర్రాళ్లు బకిల్ పెట్టుకుంటారు. వడిలో పడవ బోల్తాపడితే నిలబడే ప్రయత్నం చేయకూడదనీ, కాళ్లు దిగువకు చాపి వెల్లకిలా తేలాలనీ మొదటి రేవులోనే అందరి చేతా ఒకసారి చేయించాలి. రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే మోకాలి లోతు నీరు కూడా మనిషిని ముంచేస్తుంది.

కార్ల లెక్క చిన్నదే గాని దాన్ని తేల్చుకోని జట్టు చీకట్లో రోడ్డు పక్కన నిలబడుతుంది. పడవ ఎక్కే చోటా కారు కావాలి, దిగే చోటా కారు కావాలి. అందరూ ఎగువ రేవులో సామాను దించుకున్నాక డ్రైవర్లు మాత్రం కార్లు దిగువకు తీసుకెళ్లి, ఒక్క కారులో వెనక్కి వస్తారు. ఆ ఒక్క కారు ఎగువనే ఉండిపోతుంది. తిరిగొచ్చే తొందరలో దిగువ కార్ల తాళాలు ఈ కారు సీటు మీదే వదిలి నీళ్లలోకి దిగితే సాయంత్రం రేవులో కార్లున్నా ప్రయోజనం ఉండదు. తాళాలు నీరు చొరని సంచిలో, సంచి పడవకు కట్టి ఉండాలి. డబ్బుకు వెనకాడకపోతే పడవలు ఇచ్చేవారినే వ్యానులో ఎగువకు దింపమనడం అన్నిటికన్నా తేలిక.

సామగ్రికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆరున్నర అడుగుల తేలికపాటి స్పిన్నింగ్ రాడ్, ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల దారం చాలు. బాస్‌కి అన్నిటికన్నా ఇష్టమైన తిండి రాళ్ల కింద ఉండే క్రేఫిష్. మెత్తటి ప్లాస్టిక్ ట్యూబు ఎర అడుగున రాళ్ల మీద కుదుపుతూ లాగితే అచ్చం దానిలాగే కదులుతుంది. ఫ్లై గాలం వేసేవారి పెట్టెలో క్లౌజర్ మిన్నో తప్పకుండా ఉంటుంది. పెన్సిల్వేనియాలో సస్క్వెహానా ఒడ్డున బాబ్ క్లౌజర్ స్మాల్‌మౌత్ కోసమే దాన్ని తయారుచేశాడు, మేరీలాండ్ వేటగాడు లెఫ్టీ క్రే దానికి ఆ పేరు పెట్టాడు. పిల్లలకు మాత్రం చిన్న ముల్లు, వానపాము, బెండు ఇచ్చి సన్‌ఫిష్ పట్టనివ్వాలి. పదహారేళ్లు నిండిన ప్రతివారికీ వర్జీనియా మంచినీటి లైసెన్సు ఉండాలి. ఇంటర్నెట్‌లో ఐదు నిమిషాల పని, రేవులో సిగ్నల్ అందదు కాబట్టి ఇంట్లోనే ముగించుకోవాలి.

ఇక చేపను ఏం చేయాలన్నది. మన ఇళ్ల నుంచి వెళ్లేవారికి చేపల పులుసు గుర్తుకు రావడం సహజం. ఈ ఏటి చేపతో ఆ ఆలోచన వద్దు. ఎగువన వేన్స్‌బరోలోని డ్యూపాంట్ కర్మాగారం 1929 నుంచి 1950 దాకా పాదరసం వాడింది. అది దక్షిణపాయను పుట్టించే రెండు నదుల్లో ఒకటైన సౌత్ రివర్‌లోకి చేరిన సంగతి 1970ల్లో బయటపడింది. 2016లో ఆ కంపెనీతో సుమారు 5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. పాదరసం ఒడ్డు మట్టిలో ఉండిపోయి పురుగుల్లోకి, వాటిని తిన్న చిన్న చేపల్లోకి, వాటిని తిన్న బాస్‌లోకి చేరి పోగుపడుతుంది. దక్షిణపాయ చేపల మీద రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక నేటికీ ఉంది. గర్భిణులు, పసిపిల్లలు అసలు తినకూడదు. దీనికి తోడు 2000ల మధ్యలో వరసగా కొన్ని వసంతాల్లో ఈ నదిలో బాస్, సన్‌ఫిష్ పెద్దయెత్తున చచ్చి తేలాయి. శాస్త్రవేత్తలకు ఒక్క కారణమంటూ దొరకలేదు. సూక్ష్మజీవులు, పరాన్నజీవులు, పొలాల నుంచీ కోళ్ల ఫారాల నుంచీ వచ్చే వ్యర్థాలు, హార్మోన్లను తలకిందులు చేసే రసాయనాలు కలిసి చేపను బలహీనపరిచాయన్న దగ్గర ఆగారు. ఇంత తట్టుకుని మిగిలిన ఏటిలో అడుగు పొడవు చేప ఎదగడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పట్టిన ప్రతిదాన్నీ వదిలేయాలని జట్టంతా అనుకోవడం న్యాయం.

వదలడంలోనూ పద్ధతి ఉంది. గాలపు ముల్లుకున్న ఎదురుకొనను ఇంట్లోనే పటకారుతో నొక్కేస్తే ముల్లు క్షణంలో ఊడి వస్తుంది. చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడిచెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పొర పోతుంది. కింది దవడను బొటనవేలితో పట్టి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి, కెమెరా సిద్ధమయ్యాకే నీళ్లలోంచి ఎత్తాలి. వదిలేటప్పుడు నెమ్మదైన నీళ్లలో తలను ఎదురు వడికి తిప్పి పట్టుకుంటే, మొప్పలు రెండు మూడుసార్లు బలంగా ఆడాక అదే చేతిలోంచి జారిపోతుంది.

భోజనానికి పులిహోరను మించింది లేదు. ఐస్ అక్కర్లేదు, వేడి చేయనక్కర్లేదు, తడి చేతులతోనూ తినవచ్చు. మనిషికి మూడు నాలుగు లీటర్ల మంచినీళ్లు తప్పనిసరి. ఏటి మీది ఎండ కింద నీళ్ల మీంచి కూడా కొడుతుంది. తాగుడు ఏటి మీద పూర్తిగా వద్దు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మామూలే. మొదటి ఉరుముకే ఒడ్డెక్కి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. గ్రాఫైట్ రాడ్ గుండా విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక అది చేతిలో నిలువుగా ఉండకూడదు. వానలు లేక ఏరు సన్నబడ్డ ఏడాదైతే విషపు నాచు గురించి ఆరోగ్యశాఖ ప్రకటనలు చూసుకోవాలి. 2021 వేసవిలో ఉత్తరపాయ మీద అలాంటి హెచ్చరికే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం రెండుకల్లా ఆఖరి పడవ రేవు చేరేట్టు రోజును కుదించుకోవాలి. లెక్కపెట్టవలసినవి పడవలు కావు, మనుషులు. బతికున్న క్రేఫిష్‌ను ఎరగా తెచ్చుకుంటే మిగిలినవాటిని ఏట్లో పారబోయకూడదు. వేరే ఏటి నుంచి వచ్చిన జాతులు ఇక్కడివాటిని తరిమేస్తాయి. తెగిన దారాలు కొమ్మల నుంచి తీసి సంచిలో వేసుకోవాలి, పక్షుల కాళ్లకు చుట్టుకునేవి అవే. పడవలు, చెప్పులు మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే మరో ఏటికి తీసుకెళ్లాలి. ఆనాటి గేజీ అంకె, నీటి రంగు, ఏ మలుపులో ఏ ఎరకు చేప పడింది, ఎక్కడ చెట్టు పడి ఉంది అన్నవి కారు ఎక్కేముందే గ్రూపులో రాసేస్తే వచ్చే ఏడాది అంకె పెట్టుకునేటప్పుడు పనికొస్తాయి.